పదిహేను యెన్‌ల యాభై సెన్‌లు

1923 సెప్టెంబర్ 1, శనివారం. మధ్యాహ్నం 12 కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. టోక్యో, యొకొహామా ఇళ్లలో పొయ్యిల మీద వంట ఉడుకుతుండగా భూమి కదిలింది. కర్ర ఇళ్లు ఆ పొయ్యిల మీదే కూలాయి. సుమారు 1,05,000 మంది పోయారు. కంపానికన్నా మంటలకు పోయినవాళ్లే ఎక్కువ.

పత్రికాఫీసులు చాలావరకు తగలబడ్డాయి. టెలిఫోన్లు తెగిపోయాయి. మిగిలింది నోటిమాట. కొరియావాళ్లు బావుల్లో విషం కలుపుతున్నారట, ఇళ్లకు నిప్పు పెడుతున్నారట! 1910లో కొరియాను మింగిన జపాన్, 1919లో అక్కడి స్వాతంత్ర్యోద్యమాన్ని నెత్తురుతో అణిచింది. అణిచినవాడికి ఎప్పుడూ భయమే కదా. ఆ భయం ఇప్పుడు పొట్ట కూటికి వలస వచ్చిన కూలీల మీద పడింది.

వీధివీధినా కాపలా దళాలు లేచాయి. చేతుల్లో వెదురు బల్లేలు, కత్తులు. దారినపోయేవాణ్ని ఆపి ‘జూగొయెన్ గొజిస్సెన్’ అనమనేవారు. జపాన్ డబ్బులో పదిహేను యెన్‌ల యాభై సెన్‌లు అని అర్థం. బడిలో చదువుకున్న పరుషాలు, సరళాలు గుర్తున్నాయా? కొరియన్ నాలుకకు మాట మొదట్లో సరళం పలకదు. ‘జ’ కాస్తా ‘చ’ అవుతుంది, ‘గ’ కాస్తా ‘క’ అవుతుంది. ఆ ఒక్క అక్షరానికి ప్రాణం పోయేది.

అయితే యాసకు దేశం లేదు. సెప్టెంబర్ 6న చిబా ప్రాంతంలోని ఫుకుదా గ్రామం దగ్గర, దూరాన ఉన్న కగావా నుంచి వచ్చిన మందులమ్ముకునేవాళ్ల మాట తేడాగా ఉందని 9 మందిని చంపారు. వాళ్లు జపనీయులే. చనిపోయినవాళ్లలో పసిపిల్లలున్నారు, ఒక గర్భిణి ఉంది.

జనం వెర్రెత్తారని సరిపెట్టుకుందామంటే కుదరదు. సెప్టెంబర్ 3న ఫునబాషి నౌకాదళ వైర్‌లెస్ కేంద్రం నుంచి, హోంశాఖ పోలీసు విభాగాధిపతి పేరుతో, జిల్లాల అధికారులకు సందేశం వెళ్లింది: కొరియన్లు నిప్పు పెడుతున్నారు, కఠినంగా అదుపు చేయండి. తెలుగులో ‘అట’ అంటే నేను చూడలేదు, విన్నాను అని ఒప్పుకోవడం. సర్కారు ముద్ర పడిన క్షణాన ఆ ‘అట’ రాలిపోయింది. నా దృష్టిలో అసలు నేరం అక్కడుంది.

పోలీసులందరూ ఒకటే కాదులెండి. త్సురుమి ఠాణా అధికారి ఓకావా త్సునెకిచి దాదాపు 300 మంది కొరియన్లను లోపల దాచి, గుంపుకు అడ్డు నిలిచాడు. విషమన్న సీసాలోని నీళ్లు అందరి ముందూ తానే తాగాడని చెబుతారు.

చనిపోయిన కొరియన్లు ఆరు వేలకు పైనే అన్నది కొరియావాళ్ల లెక్క. నాటి ప్రభుత్వం ఒప్పుకున్నది వందల్లోనే. శిక్షలు పడ్డవాళ్లు కొందరే, అందులోనూ పలువురు క్షమాభిక్షతో బయటికొచ్చారు.

2023లో, నూరేళ్లు నిండినప్పుడు, జపాన్ ప్రభుత్వ ప్రతినిధి విలేఖరులతో ఏమన్నాడంటే, జరిగింది నిర్ధారించే రికార్డులు ప్రభుత్వంలో కనబడలేదట. ఫునబాషి సందేశం కాగితం మాత్రం ఆ దేశ రక్షణ శాఖ అభిలేఖాగారంలోనే ఉంది.