కాలువగట్ల మీద పాట: గోదావరి డెల్టాలో ప్రయాణ సంగీతం

గోదావరి డెల్టాలో మోటారుసైకిల్ మీద పోతూ ఫోనులోంచి పాటలు వినడం గత పదేళ్లలో స్థిరపడిన అలవాటు. పాటను ముందుగా ఫోనులో దాచుకోకుండా, ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు తెప్పించుకుంటూ వినే పద్ధతిని స్ట్రీమింగ్ అంటున్నారు. రావులపాలెం మార్కెట్టులో అరటి గెలలు దించి వెనక్కు మళ్లే రైతులకూ, కడియం నర్సరీలకు పనికి పోయేవారికీ, భీమవరం చుట్టుపక్కల చెరువుల కాపలాకు తెల్లవారుజామునే బయలుదేరే కుర్రవాళ్లకూ ఇది రోజువారీ తోడు. ఇటువంటి అలవాటు చరిత్రను యంత్రాల పుట్టుకతో మొదలుపెట్టడం వాడుక. డెల్టా విషయంలో మాత్రం 1852తో మొదలుపెట్టడమే న్యాయం, ఎందుకంటే నేడు ఈ బళ్లు తిరిగే దారుల్లో చాలా వాటికి ఆధారం ఆనాడు రూపుదిద్దుకున్న కాలువల గట్లే. ఆ గట్ల మీద బరువులు లాగినవారు పాటతోనే అడుగు వేశారు.

ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పారిన కాలువలను సేద్యానికే కాక పడవల రాకపోకలకు కూడా పనికివచ్చేలా తవ్వించారు. నీటిమట్టం మారే చోట పడవను రెండు తలుపుల నడుమ నిలిపి, నీటిని నింపో తీసో పై మట్టానికి ఎక్కించే, కింది మట్టానికి దించే కట్టడమే లాకు. ధవళేశ్వరం, విజ్జేశ్వరం, బొబ్బర్లంక ఊళ్ల పేర్లతో పాటు ఈ మాట కూడా డెల్టా జనం నోట నిలిచిపోయింది. ఏలూరు కాలువ కృష్ణా కాలువలతో కలవడం, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ బకింగ్‌హామ్ కాలువను అందుకోవడం వల్ల కాకినాడలో సరుకు ఎక్కించిన పడవ సముద్రం ముఖం చూడకుండానే మద్రాసు చేరగలిగేది. గాలి వాటంగా ఉంటే తెరచాప, లోతు తక్కువైన చోట గడ, ఈ రెండూ సాగనప్పుడు మనిషి భుజం: పడవ కొయ్యకు కట్టిన పొడవైన తాడు కొసను భుజాన వేసుకుని, ముందుకు వంగి, ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టు వెంబడి మైళ్ల కొద్దీ లాక్కుపోయేవారు.

అందరి అడుగూ ఒక్కసారి పడకపోతే తాడు కుదుపుకు పడవ గట్టుకు కొట్టుకుంటుంది; బరువంతా ఒక్కడి భుజం మీద పడుతుంది. కనుక ఒకరు చరణం ఎత్తుకోవడం, మిగిలినవారు ఊతపదం అందుకోవడం అన్న పద్ధతి వినోదం కోసం ఏర్పడింది కాదు. అది పనిముట్టు. చరణం నడిచేంతసేపు ఊపిరి తీసుకుని, ఊతపదం పడినప్పుడు బలం పెట్టడం అందులోని కిటుకు. ఏతం తొక్కేవారి పాటల్లో, ఊడ్పుల నాటి పాటల్లో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. రాజమహేంద్రవరం ప్రాంతానికి చెందిన నేదునూరి గంగాధరం ఇటువంటి జానపద గేయాలను ఓపికగా సేకరించి ‘మిన్నేరు’, ‘సెలయేరు’ వంటి సంపుటాలుగా ప్రచురించకపోతే వాటిలో అనేకం పాడినవారితోనే పోయేవి. ఆ కృషికి డెల్టా ఇంకా తగినంతగా కృతజ్ఞత చూపలేదనే చెప్పాలి.

1900లో రాజమహేంద్రవరం వద్ద హేవలాక్ వంతెన మీద రైలు నడవడంతో దూరప్రయాణాలు క్రమంగా పట్టాల మీదికి మళ్లాయి. అదే కాలంలో వచ్చిన గ్రామఫోను పాటను మొదటిసారి పాడేవారి గొంతు నుంచి వేరుచేసింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే వ్యవధి ఉండడంతో, తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలను రంగస్థలం మీద సాగదీసి రాగాలాపన చేసే నటులు రికార్డు కోసం కుదించి పాడవలసి వచ్చింది. కీ ఇచ్చి తిప్పే ఆ యంత్రం కదలని చోట తప్ప పనిచేయదు కాబట్టి, ప్రయాణంలో పాట ఇంకా మనిషి గొంతులోనే ఉండిపోయింది. రికార్డు విని నేర్చుకున్న పద్యాన్ని బండి తోలుకుంటూ పాడుకునేవారు. ఏలూరు ప్రాంతం వాడైన నండూరి సుబ్బారావుకు 1917 ప్రాంతంలో, మద్రాసులో చదువుకునే రోజుల్లో, తొలి ఎంకి పాట ట్రాముబండిలో పోతూండగా పుట్టిందని చెబుతారు. పాటకూ ప్రయాణానికీ ఉన్న చుట్టరికానికి డెల్టా సాహిత్యంలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

1938లో మద్రాసులో, 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రాలు ప్రారంభమైనాక పాట తరంగాల మీద ఎక్కింది. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు విజయవాడ కేంద్రంలో తీర్చిదిద్దిన భక్తిరంజని ఉదయపు వేళలకు గుర్తుగా మారింది. సినిమా పాటల కోసం జనం మొదట రేడియో సిలోన్‌ను, 1957 తరువాత వివిధభారతిని ఆశ్రయించారు. అరచేతి వెడల్పు ట్రాన్సిస్టర్ చవకపడినాక దానిని సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని పొలం పోవడం మొదలైంది. మీడియం వేవ్ తరంగాలను పట్టే ఫెర్రైటు కడ్డీ, అంటే రాగి తీగ చుట్టిన నల్లటి అయస్కాంత పదార్థపు కడ్డీ, ఆ పెట్టెలో అడ్డంగా ఉంటుంది. కడ్డీ కొస స్టేషను వైపు తిరిగితే ధ్వని సన్నగిల్లుతుంది, పక్క భాగం తిరిగితే నిండుగా వినిపిస్తుంది. కాలువగట్టు మలుపు తిరిగినప్పుడల్లా సైకిలుతో పాటు కడ్డీ కూడా దిక్కు మారుతుంది కాబట్టి, పాట తగ్గుతూ పెరుగుతూ ప్రయాణం చేసేది. ఇంకొక విశేషం ఏమిటంటే, ఆ వేళకు వచ్చే పాట అన్ని ఇళ్లలోనూ ఒకటే అయినందువల్ల, వీధిలో నడిచిపోయేవారి చేతిలో రేడియో లేకపోయినా పల్లవి ఒక అరుగు మీద, చరణం మరొక అరుగు మీద చెవిన పడేది. పాటకు ఊరంతా ఒక్క శ్రోతగా ఉన్న దశ అది. తరువాత వచ్చిన ఏ సదుపాయమూ ఆ కలివిడితనాన్ని తిరిగి ఇవ్వలేదు.

మోటారుసైకిల్ ఈ వరుసను తెంచింది. రాజ్‌దూత్, జావా, బుల్లెట్ వంటి బళ్ల చప్పుడులో ట్రాన్సిస్టర్ గొంతు వినపడదు. 1980లో వచ్చిన టీవీఎస్ 50, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 రెండు చక్రాల ఇంజను బండిని మధ్యతరగతి రైతుకు అందుబాటులోకి తెచ్చిన సంవత్సరాల్లోనే క్యాసెట్ కూడా విరివిగా వ్యాపించింది. అయినా ఆ రెండూ కలవలేదు. క్యాసెట్ లారీలకు, ట్రాక్టర్లకు, టాక్సీలకు, మైకుసెట్లకు దక్కింది. మోటారుసైకిల్ మీద పోయేవారు చేసింది పాటల జాబితాను చీటీ మీద రాసి రికార్డింగు షాపులో ఇవ్వడం, రెండు రోజులాగి అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించిన ఆ పాటలను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం. ఒక్కో వైపు ఆరేడు పాటలకు మించి పట్టవు కాబట్టి ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అని ఆలోచించి రాసిన ఆ చీటీలు ఒక తరం అభిరుచికి నమ్మదగిన సాక్ష్యాలు. వాటిని ఎవరూ దాచలేదు.

ఈలోగా ఏరు దాటే తీరు కూడా మారింది. 1974లో రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన, 2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చి రేవుల్లో పడిగాపులను చాలావరకు తప్పించాయి. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య మాత్రం బళ్లనూ మనుషులనూ కలిపి దాటించే పంటు మిగిలింది.

ఎఫ్.ఎం. ఉన్న చిన్న ఫోన్లు, ఆ తరువాత సెల్‌షాపుల్లో పాటలు ఎక్కించుకునే మెమరీ కార్డులు మోటారుసైకిల్‌కు పాటను మొదటిసారి నిజంగా దగ్గర చేశాయి. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర పడిపోవడంతో కార్డు అవసరం కూడా తగ్గింది. గానా, సావన్ అప్పటికే ఉన్నాయి. స్పాటిఫై 2019లో భారతదేశానికి వచ్చింది. ఈ సేవలు పాటను చిన్న చిన్న ముక్కలుగా పంపుతాయి. వినిపిస్తున్న ముక్కకంటె కొంత ముందరి భాగాన్ని ఫోను తెచ్చిపెట్టుకుంటుంది. ఈ ముందస్తు నిల్వను బఫర్ అంటారు. బండి ఒక టవరు పరిధి దాటి మరొక టవరు పరిధిలోకి పోతున్నప్పుడు సంకేతం క్షణకాలం తడబడినా పాట ఆగకపోవడానికి కారణం ఇదే. సెకనుకు 96 కిలోబిట్ల నాణ్యతతో అయిదు నిమిషాల పాటకు సుమారు మూడున్నర మెగాబైట్లు చాలు. సాంకేతికంగా ఇది గొప్ప సాధన, సందేహం లేదు.

అయితే కాలువగట్టు మీద చెవికి వేరే పని కూడా ఉంది. ఒక పక్క కాలువ, మరొక పక్క పల్లపు చేలు, నడుమ ధాన్యం ఆరబోసిన ఇరుకు రోడ్డు, ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరు: ఇటువంటి చోట వెనుక హారన్ వినపడకపోవడం ప్రాణాంతకం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2020 అక్టోబరు నుంచి అమలైన సవరణ నియమాలు బండి నడుపుతూ చేతిలో ఫోను పట్టుకోవడాన్ని దారి చూసుకునేంతవరకే, అదీ ఏకాగ్రత చెడకుండా, అనుమతించాయి. హెల్మెట్ లోపల రెండు చెవులూ మూసుకుని గట్టు మీద పోవడాన్ని ఏ సంగీతాభిమానమూ సమర్థించలేదు. పడవ లాగేవారి పాట దారి మీద ధ్యాసను నిలిపింది, ఇది దారి నుంచి ధ్యాసను తీసుకుపోతుంది. రెండింటి మధ్య అసలైన తేడా ఇక్కడే ఉంది.

మోటారుసైకిల్ నుంచి బయటికి వినిపించే గొంతు కూడా డెల్టాలో ఒకటుంది. పాత ఇనుము కొనేవారు, కూరగాయలు, దుప్పట్లు అమ్మేవారు తమ కేకను ఫోనులోనో చిన్న మైకులోనో రికార్డు చేసి, బండికి కట్టిన స్పీకరులో తిప్పి తిప్పి వినిపిస్తూ వీధులు తిరుగుతున్నారు. సాగదీసి, చివర ఎత్తి విరిచే ఆ వరసలు తరతరాల అమ్మకపు కేకల నుంచి వచ్చినవి. స్ట్రీమింగ్ జాబితాల్లో వాటికి చోటు లేదు. అదే విధంగా గోదావరి పడవ పాటల కోసం ఫోనులో వెతికేవారికి ముందుగా ఎదురయ్యేవి రాజమహేంద్రవరం వాడైన ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన ‘మూగమనసులు’ వంటి సినిమాలలోనివే. తాడు భుజాన వేసుకున్నవారు పాడినవాటిలో సంపుటాలకు ఎక్కినంతవరకు మాటలు మిగిలాయి. వరసలు మాత్రం, ఆ మాటలను ఇంకా పాడగల ముసలివారు ఏ లంకలోనైనా ఉంటే, ఇప్పుడే వారి ముందు ఫోను పెట్టి రికార్డు చేయవలసినవి.