ఉరవకొండ దారులలో సైకిలు ఇరుసు

అనంతపురమునకు వాయవ్యదిశయందు, పడగవంటి శిలాగ్రము గల కొండపాదమున నెలకొన్న ఉరవకొండకు రైలు లేదు. గుంతకల్లు జంక్షను ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున ఉన్నది. పెన్నహోబిలము, వజ్రకరూరు, విడపనకల్లు, బెళుగుప్ప, కూడేరు మొదలగు ఊళ్లతో ఈ పట్టణమునకు గల రాకపోకలు చిరకాలము ఎద్దుబండిమీదను కాలినడకను సాగి, పిదప చాలవరకు సైకిలును ఆశ్రయించినవి. మగ్గముల ఊరు గనుక నూలుకట్టలు, నేసిన చీరల మూటలు, వేరుసెనగ సీమ గనుక కాయల గోతములు, కరవుసీమ గనుక నీళ్ల బిందెలు దానిపై ఎక్కినవి. గుత్తి దుర్గమును గూర్చియు వజ్రకరూరు వజ్రములను గూర్చియు వ్రాసినంతగా, ఈ బరువునంతయు మోసిన మూడంగుళములకు లోపైన ఒక ఉక్కు గొట్టమును గూర్చి మనవారు వ్రాయలేదు.

తొక్కువాని రెండు కాళ్ల బలమును చైనుకు అందించు క్రాంకులను కలుపు ఇరుసు ఆ గొట్టములోనే తిరుగును. ఈ అమరికను రిపేరు అంగళ్లలో బి.బి. (బాటమ్ బ్రాకెట్) అని రెండక్షరములతో వ్యవహరింతురు. లోపల ఒక ఇరుసు, ఇరుప్రక్కల మరలతో బిగించు రెండు కప్పులు, కప్పునకు పదునొకండు చొప్పున పావంగుళపు బాల్సు, వానిని పట్టియుంచు గ్రీజు, ఇంతకుమించి ఏమియు లేదు. అయినను చక్రములు సొట్టపోయిన సైకిలును ఎట్లో నడిపించుకొని ఇల్లు చేరవచ్చునుగాని, ఈ ఇరుసు పట్టుకొన్నచో తొక్కుటయే అసాధ్యము.

బాల్సుపై ఇరుసు తిరుగవలెనను ఆలోచన సైకిలుకంటె ప్రాచీనము. వేల్సుదేశమున కార్మార్తెన్ పట్టణవాసి యగు ఫిలిప్ వాన్ 1794లో దానికి పేటెంటు పొందినది బండి ఇరుసుల కొరకే. 1869లో పారిసు నగరవాసి జూల్ సూరిరే సైకిలుకు తగిన బాల్ బేరింగును రూపొందింపగా, ఆ యేటి నవంబరు 7న పారిసు నుండి రువాన్ వరకు జరిగిన పందెమున జేమ్స్ మూర్ అట్టి బేరింగులు గల బండిమీదనే గెలుపొందెను. పెద్దచక్రపు సైకిళ్ల కాలమున పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే తగిలింపబడియుండెడివి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తన రోవర్ సైకిలున చైనుద్వారా వెనుకచక్రమును త్రిప్పినప్పటినుండి ఇట్టి నిర్మాణమే లోకమున స్థిరపడి, పెడళ్ల ఇరుసు చట్రము నడుమ అడుగుభాగమున నిలిచిపోయెను. మరల కొలత కూడ క్రమముగా ఇంగ్లాండులో స్థిరపడినది: 1.37 అంగుళముల వ్యాసము, అంగుళమునకు 24 మరలు. రాలీ కంపెనీ మాత్రము తన సైకిళ్లకు 26 మరలు పెట్టెను. ఈ స్వల్పభేదము నెరుగక ఒకదాని కప్పును రెండవదానిలో బలవంతముగా బిగించినచో గొట్టము మరలు అరిగి, చట్రమే పనికిమాలినదగును.

బ్రిటిషువారి యేలుబడిలో రాలీ, హంబరు, బి.ఎస్.ఎ., హెర్క్యులీసు, ఫిలిప్సు సైకిళ్లు ఓడలపై వచ్చెడివి. నాటి మద్రాసు రాజధానిలో పురపాలక సంఘములు సైకిలుకు పన్ను కట్టించుకొని బిళ్ల నిచ్చెడివి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో స్థాపితమైన టి.ఐ. సైకిల్సు అంబత్తూరునందును, సెన్-రాలీ అసన్‌సోలునందును, 1951లో అట్లాసు సోనీపతునందును, 1956లో హీరో లూధియానాయందును వెలసినవి. 1950-51లో దేశమున సుమారు ఒక లక్ష సైకిళ్లు తయారుకాగా 1955-56 నాటికి ఆ సంఖ్య ఐదు లక్షలు దాటెను. అంతవరకు ఉద్యోగస్థుల సొత్తుగానుండిన సైకిలు నేతపనివానికిని చిన్నరైతునకును అందుబాటులోనికి వచ్చినది ఈ దశకమునందే. కొనలేనివారికి గంటలెక్కన బాడుగ సైకిళ్లు దొరికెడివి.

సైకిళ్లు వచ్చినచోటికి వానిని బాగుచేయువారును రావలయును గదా! బండి ఇరుసునకు ఇనుపకట్లు వేసి, కడచీల బిగించి, ఆముదముతో కందెన పెట్టుట ఎరిగిన గ్రామములకు ఈ విద్య పూర్తిగా పరాయిది కాదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతము అను సామెత పుట్టిన నేలయందు, పెడలు చప్పుడును విని రోగమును పోల్చుటకు చెవులు ముందే సిద్ధముగా నుండెను. క్రొత్తగా నేర్వవలసినది క్రాంకును ఇరుసునకు బిగించు కాటర్ పిన్ను మాత్రమే.

కాటర్ పిన్ను ఒక ప్రక్క ఏటవాలుగా చెక్కిన చిన్న ఉక్కు మేకు. ఆ చెక్కిన ముఖము ఇరుసుమీది చదునైన గాడికి నిండుగా ఆనవలెను. కుడి పిన్నును ఎడమ పిన్నును ఎదురెదురు దిక్కులనుండి దూర్పవలెను. ఒకే దిక్కునుండి దూర్చినచో రెండు క్రాంకులును ఒకే గీతలో నిలువక, తొక్కువాని మోకాళ్లకు నొప్పి తెచ్చును. సుత్తితో కొట్టునపుడు క్రాంకు క్రింద బరువైన ఇనుపదిమ్మను ఆనించి కొట్టువాడే పనివాడు, ఏలయనగా ఆ ఆధారము లేనిచో ప్రతి దెబ్బయు బాల్సుద్వారా కప్పులోనికి దిగి, నునుపైన దారియందు గుంటలు పడును. నట్టు పిన్నును లాగుటకు కాదు, సుత్తిదెబ్బతో దిగిన పిన్నును నిలుపుటకే. నాలుగైదు మైళ్లు తొక్కిన పిదప మరల ఒకసారి కొట్టి బిగించినగాని ఆ పని పూర్తియైనట్లు కాదు.

ఉరవకొండ ప్రాంతమున ఈ ఇరుసునకు గల శత్రువు వానకంటె ధూళి. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వర్షించు ఈ జిల్లాలో, ఆషాఢమున పడమటి కనుమలు దాటి వచ్చు గాలి మేఘములను తరిమివేసి దుమ్మును మిగుల్చును. ఆ గాలియే నేడు ఈ చుట్టుపట్ల గాలిమరలను త్రిప్పుచున్నది. ఆ గాలికెదురుగా బిందెలతో తొక్కినవాని బలమంతయు ఒకప్పుడు ఈ పదునొకండు పదునొకండు బాల్సుపైననే పడినది. పూర్వపు సైకిళ్ల గొట్టమునకు నూనె పోయుటకు చిన్న రంధ్రముండెడిది. తడిసీమలకు అది యుక్తమే కావచ్చును. ఇచ్చట ఎడతెగక నూనె పోసినచో అది దుమ్ముతో కలిసి సానరాతి పిండియై కప్పులను అరగదీయును. కావున విప్పి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, గ్రీజు దట్టించుటయే ఈ నేలకు తగిన పద్ధతి. అరుదుగా కురిసిన గట్టివానలో సీటు క్రింది గొట్టముద్వారా నీరు దిగి అడుగుననున్న ఈ ఇరుసును చేరునను సంగతి చాలమంది ఎరుగరు. సీటు విప్పి సైకిలును తలక్రిందులు చేసినగాని ఆ నీరు పోదు.

రోగనిర్ణయ మిట్లు చేయుదురు. రెండు క్రాంకులను చేతబట్టి ప్రక్కలకు ఊపవలెను. రెండును కలిసి ఊగినచో ఎడమ కప్పు వదులైనది, ఒక్కటియే ఊగినచో దాని పిన్ను వదులైనది. చైను తప్పించి వట్టి క్రాంకును త్రిప్పినపుడు గరగరమన్నచో లోపల గుంటలు పడినవి. ఒక బాలు పగిలినదని ఒక్కదానినే మార్చుట పొరపాటు. అరిగినవాని నడుమ క్రొత్తది పెద్దదై బరువునంతయు తానొక్కటియే మోసి, త్వరలో తానును పగులును. పదునొకండును మార్చవలెను.

ఇక ఇప్పుడు ఊళ్లకు వచ్చిన లావుటైర్ల గేరు సైకిళ్లకు మూలమైన మౌంటెన్ బైకుల కథ. 1970 తరువాత అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు మేరిన్ ప్రాంతమున యువకులు పాత బరువు సైకిళ్లపై కొండలు దిగుచు పందెములు నడిపిరి. 1976లో ఆరంభమైన రీప్యాక్ పందెమునకు ఆ పేరు వచ్చినది గ్రీజువలననే: దిగునపుడు వెనుక హబ్బులోని బ్రేకు కాగి గ్రీజు ఆవిరియై పోవగా, ప్రతి పందెము పిమ్మట దానిని క్రొత్తగా దట్టింపవలసియుండెను. పెడళ్ల ఇరుసునందు కాటర్ పిన్ను పోయి నలుపలకల ఇరుసు వచ్చుట అంతకు చాల పూర్వమే, 1933లో ఫ్రాన్సునందలి స్ట్రాంగ్‌లైట్ కంపెనీతో మొదలైనది. పిమ్మట మూతవేసిన బేరింగులును, 2003లో షిమానో గొట్టము వెలుపలికి తెచ్చిన పెద్ద బేరింగులును వచ్చినవి. కొందరు తయారీదారులు మరలనే తొలగించి బేరింగును చట్రములోనికి అదిమి పెట్టగా, కిర్రుమను చప్పుడుతో వేసరి, పలువురు 1.37 అంగుళముల పాత మరలనే తిరిగి ఆశ్రయించిరి.

మూతబేరింగు దుమ్మును లోనికి రానీయదు. కనుక ఈ సీమకు అది మేలే యని నా అభిప్రాయము. కాని లావుటైర్ల గేరు సైకిలు ఊరికి వచ్చినంత వేగముగా దానిని విప్పు పనిముట్లు అంగళ్లకు రాలేదు. క్రాంకును ఊడలాగు పుల్లరును, పళ్లుగల బి.బి. స్పానరును లేనివాడు సుత్తినే ఎత్తును. ఉక్కు ఇరుసుపై అల్యూమినియము క్రాంకు. బోల్టు వదులుగానుండ పది దినములు తొక్కినను, సుత్తితో పెడగా కొట్టినను, దాని చదరపు రంధ్రము గుండ్రబడి మరల పనికిరాదు. కాటర్ పిన్ను పాడైనచో చిల్లర డబ్బుతో పోయెడిది; క్రాంకు పాడైనచో పేదవిద్యార్థి సైకిలు మూలబడును. ప్రభుత్వ పాఠశాలల బాలికలకు బడికొస్తా పథకమున సైకిళ్లిచ్చిన రాష్ట్రమిది. ఆ సైకిళ్లు నిలుచునది మరమ్మతు చేయువాని చేతిలోనే గనుక, రిపేరు అంగళ్లవారికి ఆ రెండు పనిముట్లను సమకూర్చుట పంచాయతీలకు భారము కాదు, సమకూర్చవలెనని కోరుచున్నాను.

గేరు సైకిలు కొన్న పాఠకులు మొదటి నెలలోనే రెండు క్రాంకుల బోల్టులను మరల బిగింపించుకొనవలెను. కుడిప్రక్క కప్పు మరలు ఎడమవాటమునవి. తొక్కుటవలన కప్పు తనంత తాను వదలిపోకుండుటకై ఇంగ్లాండువారు అట్లు చేసిరి. విప్పవలసివచ్చినపుడు దానిని గడియారపు ముల్లు తిరుగు దిక్కునకే త్రిప్పవలెనని అంగడివానితో ముందుగా చెప్పుడు.