ఒకటో రకమా, మూడో రకమా?

పదిహేనేళ్ల కిందట హెపటైటిస్-సి ఉందని తేలిన మనిషి చేతిలో రిపోర్టు పెడితే, ఇంటిల్లిపాదీ వెతికేది ఒక్క అంకె కోసం. వైరస్ రకాన్ని చెప్పే జీనోటైప్ అన్న మాట పక్కన 3 ఉంటే డాక్టరు మొహం కాస్త తేటపడేది. 1 ఉంటే ఖర్చు, కష్టం రెండింతలు. వారానికో ఇంటర్‌ఫెరాన్ సూది, రోజూ రైబవిరిన్ మాత్రలు. మూడో రకానికి 24 వారాలు, ఒకటో రకానికి 48. సూది పడ్డ రాత్రి చలిజ్వరం, పొద్దున దువ్వెన నిండా జుట్టు, రానురాను రక్తహీనత, కారణం లేని దిగులు. ఇంత పడ్డా ఒకటో రకంవాళ్లలో నయమయ్యేది సుమారు సగం మందికే. మన దేశంలో ఎక్కువగా కనిపించేది మూడోది కావడం అదృష్టమే అనాలి, అది కాలేయానికి కొవ్వు పట్టించడంలో ఘనాపాఠీ అన్న సంగతి పక్కనపెడితే.

ఈ జబ్బుకు మొదట్లో పేరే లేదు. రక్తం ఎక్కించుకున్నవాళ్లకు వస్తున్న కామెర్లు ‘ఏ’ కావు, ‘బీ’ కావు అని 1975లో అమెరికాలో హార్వే ఆల్టర్ బృందం తేల్చింది. పద్నాలుగేళ్లపాటు ‘ఏ కానిది, బీ కానిది’ అనే పిలిచారు. 1989లో కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్, క్వీ-లిమ్ చూ, జార్జ్ కువో వైరస్‌ను పట్టుకున్నాకే దానికి ‘సి’ అన్న అక్షరం దక్కింది.

పట్టుకున్నాక తెలిసింది, అది ఒక్క వైరస్ కాదని. దాని జన్యువు సుమారు 9,600 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. నకలు తీసే ఎంజైము ప్రూఫ్ దిద్దేవాడు లేని అచ్చాఫీసు లాంటిది. ఒక్క రోగి ఒంట్లోనే రోజుకు లక్ష కోట్ల కాపీలు పుడితే అచ్చుతప్పులకు కొదవేముంటుంది? రకానికీ రకానికీ మధ్య మూడో వంతు దాకా తేడా. 1990లలో వీటికి 1 నుంచి 6 వరకు అంకెలు వేశారు. హైదరాబాద్‌లో దక్కన్ మెడికల్ కాలేజీకి చెందిన సి.ఎం. హబీబుల్లా బృందం 2000లలో మామూలు జనంలో, రక్తదాతల్లో, ముప్పు ఎక్కువున్నవాళ్లలో ఈ వైరస్ ఎంతుందో, ఏ రకమో వెతికింది.

తేడా వైరస్‌లోనే కాదు, రోగిలోనూ ఉంది. ఒకే రకం వైరస్, ఒకే మందు. ఒకరికి తగ్గుతుంది, పక్కవాడికి తగ్గదు. 2009లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం ఆ గుట్టు విప్పింది: 19వ క్రోమోజోము మీద ఐఎల్28బి జన్యువు దగ్గర ఒక్క అక్షరం. అక్కడ తల్లి నుంచీ తండ్రి నుంచీ ‘సి’ అక్షరమే వచ్చినవాళ్లకు ఇంటర్‌ఫెరాన్‌తో నయమయ్యే అవకాశం దాదాపు రెట్టింపు. ఆఫ్రికన్ అమెరికన్లకు ఆ మందు ఎందుకు తక్కువగా పనిచేస్తోందన్న పాత చిక్కుముడిలో సగం దాంతో వీడింది.

ఆ గుట్టు తెలిసిన ఆనందం నాలుగేళ్లే. 2013 డిసెంబరులో ఇంటర్‌ఫెరాన్‌ను వెనక్కి నెట్టే మాత్ర సోఫోస్‌బువిర్ వచ్చింది. అమెరికాలో అప్పుడు మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84,000. ఇక్కడ దాని పేటెంటును వ్యతిరేకించిన హైదరాబాద్ కంపెనీ నాట్కో, 2015 మార్చిలో ఆ మందు సొంతదారు గిలియడ్ కంపెనీ దగ్గరే లైసెన్సు తీసుకుంది. హెటిరో అంతకుముందే తీసుకుంది. నాట్కో 28 మాత్రల సీసాకు పెట్టిన ధర 19,900 రూపాయలు. మాత్రకు 710 చొప్పున. దానికి తోడు మరో మాత్ర కలిపితే అన్ని రకాలకూ పనిచేసే జోడీలు వచ్చాయి.

రకాల లెక్క ఆరుతో ఆగలేదు. 2018లో కెనడాలో నలుగురు రోగుల్లో ఎనిమిదో రకం బయటపడింది. నలుగురి మూలాలూ పంజాబే. అదే ఏడాది జులై 28న మన దేశంలో ఉచిత చికిత్సతో జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. రాయ్‌పూర్‌లోని భన్‌పురి పారిశ్రామికవాడ కార్మికుడికి ఈ జబ్బు తేలితే, ఆ కార్యక్రమం పద్ధతి ప్రకారం ముందు చూసేది వైరస్ రకం కాదు, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడడం) ఉందా లేదా అని. లేకపోతే సోఫోస్‌బువిర్‌కు తోడు డక్లాటాస్‌విర్. సిర్రోసిస్ ఉండీ ముదరకపోతే తోడు వెల్పాటాస్‌విర్. ఎటైనా 12 వారాలు, రోజూ నోట్లో వేసుకునే మాత్రలే.