అమెరికా స్వాతంత్ర్య యుద్ధము: ఉభయపక్షముల అర్జీలు

కారన్‌వాలిస్ ప్రభువు పేరు జమీందారీ గ్రామములవారికి కొత్తది కాదు. 1793 లో వంగదేశమున అతడు నెలకొల్పిన శాశ్వత శిస్తు నిర్ణయమే 1802 మొదలు ఉత్తర సర్కారులలోను అమలునకు వచ్చినది. అతడు గవర్నరు జనరలుగా హిందూదేశమునకు వచ్చుటకు ఐదేండ్లకు పూర్వము, 1781 అక్టోబరు 19 న, అమెరికాలోని యార్క్‌టౌను వద్ద జార్జి వాషింగ్టనునకు లొంగిపోయి తన సేన నప్పగించెను.

సేనానుల చరిత్ర వ్రాయుట సులభము. వారి లేఖలును ఆజ్ఞలును భద్రముగ నున్నవి. తుపాకి మోసిన సామాన్యుని గూర్చి వ్రాయబూనినవానికే చిక్కు. 1800 నవంబరు 8 రాత్రి వాషింగ్టను నగరమున యుద్ధశాఖ కార్యాలయము తగులబడి, సైనికుల పట్టికలును లెక్కలును చాలవరకు బూడిదయైనవి. అయినను నేడు ఆ సిపాయిల బ్రతుకులు మనకు తెలియుచున్నవనిన, అది వారు పింఛనుకై పెట్టుకొన్న అర్జీల పుణ్యము.

1818 నాటి శాసనము, కనీసము తొమ్మిది నెలలు ప్రధాన సేనలో పనిచేసి బీదరికమున నున్నవారికి పింఛను మంజూరు చేసెను. అర్జీలు వెల్లువగా వచ్చి, మోసము జరుగుచున్నదన్న మాట పుట్టగా, 1820 లో ప్రతి అర్జీదారుడు తన ఆస్తి పట్టికను దాఖలు చేయవలెనని నిర్బంధించిరి. అందుచేతనే ఒక ముసలి సిపాయి ఇంట కుండలెన్ని యుండెనో, పాడియావు ఉండెనో లేదో నేటి పరిశోధకుడు చెప్పగలుగుచున్నాడు. 1832 శాసనము మరింత ఉదారమైనది. స్థానిక దళములలో ఆరు నెలలు పనిచేసినవారికిని, బీదరికముతో నిమిత్తము లేకుండ, అది వర్తించెను. కాగితము లేనివాడు న్యాయస్థానమున నిలిచి, పుట్టిన యూరు, పై యధికారుల పేర్లు, తాను ఇష్టముతో చేరెనో మరియొకరికి బదులుగా పోయెనో ప్రమాణపూర్వకముగ చెప్పవలెను. యుద్ధము ముగిసి అప్పటికి దాదాపు ఏబది యేండ్లు. వృద్ధుడు జ్ఞప్తికి తెచ్చుకొని చెప్పుచుండ గుమాస్తా వ్రాసికొనెను. ఇట్టి పింఛను, భూమి మంజూరు దస్త్రములు సుమారు 80,000 అమెరికా జాతీయ దస్త్రాలయమున నున్నవి.

ధనమునకై చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చును? 1837 లో సారా ఆస్బర్న్ అను 81 ఏండ్ల వితంతువు పెన్సిల్వేనియాలో ఇచ్చిన వాంగ్మూలమును చూడుడు. ఆమె భర్త కమ్మరి, సిపాయి. అతనితో ఆమెయు సేనవెంట నడచి, వంటలు చేసి, బట్టలుతికినది. యార్క్‌టౌను ముట్టడిలో కందకములలోని వారికి రొట్టెయు మాంసమును మోసికొనిపోవుచుండ వాషింగ్టను ఎదురుపడి, ఫిరంగి గుండ్లకు భయపడవా యని అడిగెనట. పోరాడువారిని పస్తు కూడ ఉంచుట తగదని ఆమె బదులు చెప్పెనట. ఇది నిజమో, ఏండ్ల తరబడి చెప్పగా చెప్పగా మెరుగుపడిన కథయో తేల్చుట కష్టము. కాని మరియొక మాట కలదు. లొంగుబాటు నాడు ఆంగ్లసేనకు ముందు నడచినవాడు స్థూలకాయుడనియు, కన్నీరు కార్చుచు పోయెననియు, పేరు జ్ఞప్తికి లేదు గాని కారన్‌వాలిస్ మాత్రము కాడనియు ఆమె చెప్పినది. ఆ దినమున కారన్‌వాలిస్ అస్వస్థత యని బసలో నిలిచిపోయి, ఓహారా అను సేనానిని పంపిన మాట ఇతర పత్రములవలన రూఢియైనది. పింఛనుకు ఏమాత్రము పనికిరాని ఈ చిన్న వివరమే ఆమె అచట నుండెనని నమ్మించుచున్నది.

ఓడినవారి కాగితములు సముద్రమున కావలి యొడ్డున లండనులో నున్నవి. రాజుపక్షము వహించిన అమెరికనులు సుమారు 60,000 మంది కెనడాకును ఇంగ్లండునకును ఇతర దీవులకును వలసపోయిరి. వారి నష్టములను విచారించుటకై 1783 లో బ్రిటిషు ప్రభుత్వము సంఘము నొకదానిని నియమించెను. 3,225 అర్జీలు రాగా 2,291 మందికి, మొత్తము సుమారు 30 లక్షల పౌనులు పరిహారము దొరకినది. పొలము, మర, పశువులు, రాజభక్తి, అన్నిటికిని సాక్షులను చూపవలసియుండెను. సిపాయి తన సేవాకాలమును పొడిగించినట్లే ఇతడు తన పొలమును పెంచి చెప్పియుండవచ్చును. కావున ఈ లెక్కలను, ఆ భూములను జప్తుచేసి వేలము వేసిన అమెరికా రాష్ట్రముల పత్రములతో సరిచూడవలెను. ఒక్క దేశపు దస్త్రములతో తృప్తిపడిన చరిత్రకారుడు సగము చరిత్రయే వ్రాసినవాడగును.

అర్జీ పెట్టుకొనుటకు ఆస్తి యేమియు లేనివారి సంగతి వేరు. ఆంగ్లేయులు స్వేచ్ఛ నిత్తుమని ప్రకటింపగా నీగ్రో బానిసలనేకులు యజమానులను విడిచి వారి పక్షమున చేరిరి. 1783 లో న్యూయార్కును ఖాళీచేయునపుడు వారిని తిరిగి యొప్పగింపుమని వాషింగ్టను కోరగా, ఆంగ్ల సేనాపతి కార్లటన్ అంగీకరింపలేదు. అయితే యజమానులు తరువాత పరిహారము కోరుటకు వీలుగా ఓడ యెక్కినవారి పట్టికను వ్రాయించెను. పేరు, వయస్సు, రూపము, పూర్వపు యజమాని అను వివరములతో 3,000 మంది అందు కలరు. యజమానుల నష్టము లెక్కించుటకు వ్రాసిన పట్టికలోనే ఆ దీనుల పేర్లు నిలిచినవి!

ఆ పట్టికలో హారీ వాషింగ్టను అను 43 ఏండ్లవాడొకడు కలడు. ఏడేండ్ల క్రిందట జనరల్ వాషింగ్టను ఇంటినుండియే పారిపోయి వచ్చినవాడని అతని పేరున కెదురుగా వ్రాయబడినది. రాజుపక్షము వారిలో ఇతనిని చేర్చుట ఆచారము. రాజునందలి భక్తియో, స్వేచ్ఛయందలి కోరికయో అతని నటు నడిపినదని విచారించిన పిమ్మటనే ఆ పేరు నంటగట్టుట న్యాయము. అతడు నోవాస్కోషియా చేరి, 1792 లో ఆఫ్రికాలోని సియెరాలియోనుకు తరలిపోయెను. అచట 1800 లో వలసదారులు అధికారులపై తిరుగబడగా వారిలో తానును చేరి, దేశబహిష్కార శిక్ష పొందెను.