దూలం ఎక్కడ విరుగుతుంది?

గెలీలియో అనగానే టెలిస్కోపు గుర్తొస్తుంది. కానీ మత న్యాయస్థానం శిక్ష వేశాక, ఫ్లోరెన్స్ దగ్గర ఆర్చెత్రిలో గృహనిర్బంధంలో ఉంటూ ఆయన పూర్తిచేసిన పుస్తకంలో ఒక పెద్ద భాగం గ్రహాల గురించి కాదు, దూలాల గురించి. ఇటలీలో అచ్చుకు వీల్లేక 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో వెలువడింది. పదార్థాల బలాన్ని లెక్కకు లొంగదీసే శాస్త్రానికి అదే పునాది.

అందులో ఒక ముచ్చట ఉంది. పెద్ద పాలరాతి స్తంభాన్ని పడుకోబెట్టి రెండు కొసల కిందా దుంగలు పెట్టారు. నడుమ విరుగుతుందేమోనని ఒక పనివాడు మూడో దుంగ పెట్టమన్నాడు. మంచి ఆలోచనేనని అందరూ ఒప్పుకున్నారు. కొన్ని నెలలకు స్తంభం సరిగ్గా ఆ నడిమి దుంగ మీదే పగిలింది! కొస దుంగల్లో ఒకటి పుచ్చి కుంగిపోగా, నడిమిది చెక్కుచెదరలేదు. దాంతో స్తంభంలో సగం ఆధారం లేకుండా వేలాడింది. రెండే దుంగలుంటే, కుంగిన దుంగతోపాటు స్తంభమూ కిందికి దిగి ఊరుకునేది. ఆధారం పెంచితే బలం పెరుగుతుందన్న నమ్మకాన్ని ఇంత సూటిగా దెబ్బతీసిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

పుస్తకంలోని బొమ్మ మరీ ప్రసిద్ధం. పిచ్చిమొక్కలు మొలిచిన పాత గోడలోంచి ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కొసన కొక్కేనికి బరువు వేలాడుతుంటుంది. ఆ దూలం ఎంత మోస్తుంది? వెడల్పు రెట్టిస్తే బలం రెట్టింపు, ఎత్తు రెట్టిస్తే నాలుగింతలు అన్నాడు గెలీలియో. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకను నిలువుగా పెడితే, పడుకోబెట్టినప్పుడు మోసేదానికి మూడింతలు మోస్తుంది. వడ్రంగులు చేతితో ఎరిగిన ఈ సంగతికి తొలిసారి సూత్రం దొరికింది.

నిష్పత్తి సరిపోయింది గానీ మోసే బరువు లెక్క తప్పింది. గోడ దగ్గర దూలం మందమంతా ఒకే తీరున సాగుతుందని, అడుగు అంచు దగ్గర మడత పడుతుందని ఆయన ఊహ. నిజానికి పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుపోతుంది, మధ్యలో ఒక పొరకు ఏ ఒత్తిడీ ఉండదు. అందుకే గెలీలియో లెక్కలో 300 కిలోలు మోయాల్సిన దూలం, ఇప్పటి సాగుడు-నొక్కుడు లెక్కలో 100 కిలోలే మోస్తుంది.

ఫ్రాన్స్‌లో మారియట్ అనే శాస్త్రవేత్త దూలాలను విరిచి చూసి ఈ తేడా పట్టాడు, కానీ తన లెక్కలోనూ పొరబడ్డాడు. 1713లో అదే దేశపు పారాఁ సరిదిద్దినా ఎవరూ పట్టించుకోలేదు. 1773లో కూలుంబ్ మళ్లీ అక్కడికే చేరాడు. 1826లో నావియే పాఠ్యపుస్తకంతో గానీ ఆ సరైన లెక్క ఇంజినీర్ల చేతికి అందలేదు.

మధ్యపొర ఊరికే ఉంటుందని తెలిశాక అక్కడ లోహం ఎందుకు? ఇనుప దూలాలకు పైనా కిందా దట్టంగా, నడుమ పలుచగా ఇంగ్లిష్ ఐ (I) అక్షరం ఆకారం వచ్చింది అందుకే.