చైను చెప్పిన చోటే ఇంజను

ఫార్ములా వన్ కారు ఏది చూసినా ఇంజను డ్రైవరు వీపు వెనకే ఉంటుంది. ఏ మేధావో బరువుల లెక్క కట్టి అక్కడ పెట్టించి ఉంటాడని అనుకుంటాం. లెక్కలు తర్వాత వచ్చాయి. ముందు వచ్చింది మోటార్‌సైకిల్ చైను. చైను మరీ పొడవుంటే కుదరదు కాబట్టి ఇంజను వెనక చక్రాల దగ్గరికి చేరింది. ఈ ముక్క తెలిసినప్పటినుంచి కల్వకుర్తి బస్టాండు దగ్గర నిలబడే ఆటోల మీద కూడా నాకు గౌరవం పెరిగింది.

ఆటో కూడా ఆ బైకుల కుటుంబంలోదే మరి. ఇటలీలో 1946లో వెస్పా స్కూటర్ వచ్చింది. 1948లో అదే కంపెనీ ఆ స్కూటరుకు వెనకాల రెండు చక్రాలూ ఒక తొట్టీ తగిలించి మూడు చక్రాల బండి చేసింది. ఆ వంశమే బజాజ్ చేతిమీదుగా మన రోడ్ల మీదికి దిగింది. మొదట్లో మన ఆటో ఇంజను ముందువైపు డ్రైవరు కిందే ఉండేది. 1977లో బజాజ్ దాన్ని వెనక్కి మార్చింది. రేసు కార్లు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల ముందు చేసిన ప్రయాణమే ఇది. కాకపోతే దీనికి ఎవరూ కప్పు ఇవ్వలేదు.

అసలు కారుకు వేరే ఇంజను, బైకుకు వేరే ఇంజను అన్న తేడా మొదట్లో లేదు. ఫ్రాన్సులో 1890ల నడుమ డి డియాన్ బూటన్ వాళ్లు ట్రైసైకిలు కోసం చేసిన చిన్న ఇంజనును ఊరూరా కొనుక్కుని, ఎవరికి తోచిన బండికి వాళ్లు బిగించుకున్నారు. 1910 ప్రాంతంలో ఇంగ్లండులో మోర్గాన్ మూడు చక్రాల బండి, ముందు ముక్కు మీద మోటార్‌సైకిల్ ఇంజనుతో బయల్దేరింది. మూడు చక్రాలే కాబట్టి పన్ను తక్కువ. తర్వాత చవక కార్లు వచ్చి ఈ బుల్లి బళ్లను తుడిచిపెట్టాయి. మధ్యలోని ఏళ్లను దాటేసి నాకిష్టమైన కాలానికి వస్తాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. ఇంగ్లండులో పెట్రోలుకు రేషను, దేనికీ చేతిలో డబ్బు లేదు. కుర్రకారుకు మాత్రం రేసు పిచ్చి తగ్గలేదు. బ్రిస్టల్ వైపు కొందరు కూర్చుని, 500 సీసీ మోటార్‌సైకిల్ ఇంజనుతో ఎవరి కారు వాళ్లు చేసుకుని పందేలు వేసుకుందాం అన్నారు. లండన్ పక్కన సర్బిటన్‌లో గ్యారేజీ నడిపే చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ 1946లో పని మొదలుపెట్టారు. ఫియట్ టోపోలినో అనే బుల్లి కారుకు ముందు చక్రాల దగ్గర మంచి సస్పెన్షన్ ఉండేది. వీళ్లు రెండు టోపోలినోల ముందు భాగాలు కోసి, ఒకదానికొకటి వీపు ఆనించి అతికారు. ముందూ వెనకా ముందు భాగమే ఉన్న కారు! మట్టి ట్రాకుల మీద పందేలకు వాడే జాప్ ఒంటి సిలిండరు ఇంజను ఒకటి తెచ్చి, దాన్నుంచి వెనక ఇరుసుకు చైను వేశారు. ఇంజనును ముందు పెడితే చైను డ్రైవరు ఒళ్లోంచి పోవాలి. అందుకే వెనక పెట్టారు. చరిత్ర మారుస్తున్నామన్న ఊహ వాళ్లకేమీ లేదు.

ఆ కారు పరిగెత్తిన తీరు చూసి నలుగురూ కావాలన్నారు. 1948లో కొనుక్కున్నవాళ్లలో పద్దెనిమిదేళ్ల స్టెర్లింగ్ మాస్ ఒకడు. తర్వాతి కాలంలో ఫార్ములా వన్ వ్యాపారాన్నంతా గుప్పిట పెట్టుకున్న బెర్నీ ఎక్లెస్టోన్ కూడా ఈ బుల్లి కూపర్లు తోలినవాడే. రానురాను జాప్ కంటే నార్టన్ మాంక్స్ ఇంజను గట్టిదని తేలింది. నార్టన్ వాళ్లేమో ఇంజను విడిగా అమ్మం, కొంటే బండి మొత్తం కొనండి అన్నారు. సరేనని కుర్రాళ్లు బండికి బండి కొని, ఇంజను ఊడబెరికి కారులో పెట్టుకున్నారు. మిగిలిపోయిన ఫ్రేములు ఊరికే పడి ఉంటే, ఇంకో గుంపు వాటిలో ట్రయంఫ్ ఇంజన్లు బిగించింది. బైకు ప్రియులు ఇప్పటికీ కలవరించే ‘ట్రైటన్’ పుట్టిందలాగే. ఒక షెడ్డు తుక్కు ఇంకో షెడ్డుకు పెట్టుబడి. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే.

1950లో మొనాకో గ్రాండ్ ప్రి పందెంలో హ్యారీ షెల్ అనే ఆయన 1,100 సీసీ జాప్ ఇంజను కూపర్‌తో దిగాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ పందెంలో వెనక ఇంజను కారు కనిపించడం అదే మొదలు. మొదటి చుట్టులోనే కార్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకున్న గొడవలో ఆయన కథ ముగిసింది. నవ్వినవాళ్లు నవ్వారు. గుర్రం బండిని లాగాలిగానీ నెట్టకూడదని ఎంజో ఫెరారీ అనేవాడని చెబుతారు. 1958 జనవరిలో అర్జెంటీనాలో అదే మాస్ వెనక ఇంజను కూపర్‌తో ఫెరారీలను ఓడించాడు. అప్పటికి బైకు ఇంజను పోయి క్లైమాక్స్ అనే కంపెనీ ఇంజను వచ్చింది, చైనూ పోయింది, కానీ చైను చూపించిన చోటు మాత్రం మిగిలింది. 1959, 1960 రెండేళ్లూ జాక్ బ్రాభమ్ కూపర్ కారు మీదే ప్రపంచ చాంపియన్. 1959 ఆఖరి పందెంలో పెట్రోలు అయిపోతే ఆయన కారును చేత్తో నెట్టుకుంటూ గీత దాటి నాలుగో స్థానంలో వచ్చాడు. 1961 నాటికి ఫెరారీ గుర్రం కూడా బండి వెనక్కి వెళ్లింది, చాంపియన్ అయింది. మినీ కూపర్ కారు పేరులో ఉన్న కూపర్ ఈ జానే.

ఆ రోజుల్లోనే జర్మనీలో మరో తమాషా. బీఎండబ్ల్యూ వాళ్లు ఇటలీ నుంచి ఇసెట్టా అనే గుడ్డు ఆకారపు కారు హక్కులు కొని, 1955లో తమ మోటార్‌సైకిల్ ఇంజను అందులో పెట్టారు. కష్టకాలంలో కంపెనీని నిలబెట్టిన బండ్లలో అదొకటి. దీనికి తలుపు ముందువైపు ఉంటుంది. రివర్సు గేరు లేని రకం కొన్నవాడు గోడకు ముక్కు ఆనించి ఆపాడో, తలుపు తెరుచుకోదు, బండి వెనక్కీ రాదు. మెస్సర్‌ష్మిట్ బుల్లి కారుది ఇంకా చిత్రం. ఇంజను ఆపి ఉల్టా తిప్పి స్టార్టు చేస్తే నాలుగు గేర్లూ వెనక్కే!

ఇక కిట్ కారు. ఇంగ్లండులో అప్పట్లో పూర్తిగా తయారైన కారు కొంటే పన్ను, విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పన్ను లేదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అలాగే అమ్ముడైంది. బిగించే పద్ధతి రాసిచ్చినా పన్ను పడుతుందని, ఊడదీసే పద్ధతి రాసిచ్చి, కింది నుంచి పైకి చదువుకోమనేవాళ్లని ఒక కథ. 1973లో పన్ను విధానం మారి ఆ లాభం పోయింది. ఆ ఏడాదే సెవెన్ కేటర్‌హామ్ వాళ్ల చేతికి వెళ్లింది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌండ్లలో స్పోర్ట్స్ కారు చేసుకోవడం ఎలాగో పుస్తకం రాశాక పెరటి షెడ్లన్నీ మళ్లీ మోగాయి. వాటిలోకి ఫైర్‌బ్లేడ్, ఆర్‌వన్, హయబూసా బైకుల ఇంజన్లు దూరాయి. నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరిగే ఇంజను, గేరుబాక్సు దానికే అతుక్కుని వస్తుంది, బరువు తక్కువ. ఇంకేం కావాలి?

కావలసినవి చాలా ఉన్నాయి, అవి కల్వకుర్తి మెకానిక్కుకు చెబితే వెంటనే అర్థమవుతాయి. బైకు మూలమలుపులో వాలుతుంది కాబట్టి ఆయిలు ఇంజను అడుగునే ఉంటుంది. కారు వాలదు. మలుపు తిరిగితే ఆయిలంతా ఒక పక్కకు కొట్టుకుపోయి పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. అందుకే సంపులో అడ్డుపలకలు వెల్డింగు చేస్తారు, లేదా ఆయిలుకు వేరే ట్యాంకు పెడతారు. క్లచ్ ప్లేట్లు రెండొందల కిలోల బండికి చేసినవి, వాటి మీద అంతకు రెండింతలు మోపితే కాలిపోతాయి, గట్టి స్ప్రింగులు వేయాలి. ఇంజను ముందు పెడితే చైను స్ప్రాకెట్ తీసేసి ఆ చోట షాఫ్టు తగిలించాలి. రివర్సు గేరు ఉండదు, దానికి విడిగా ఒక పెట్టె కావాలి, లేదంటే దిగి నెట్టుకోవాలి.

మనవాళ్ల సంగతి అడిగితే ముందు కోయంబత్తూరు పోవాలి. 1893లో అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో రడ్జ్ మోటార్‌సైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చాడు. తర్వాత బస్సుల కంపెనీ, మోటార్ల కర్మాగారం పెట్టాడు. అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ తెలుగు కుటుంబపు బిడ్డ కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజను వెనక పెట్టి, మధ్యతరగతి కుర్రాళ్లకు అందే ఒంటి సీటు రేసు కారు చేశాడు. 1995లో కన్నుమూశాడు. ఇప్పుడు ఆయన పేరున్న కరి స్పీడ్‌వేలో ఇంజనీరింగు విద్యార్థులు ఫార్ములా భారత్ పోటీలు ఆడుతున్నారు. వాళ్ల కార్లలో తరచుగా కనిపించేది 373 సీసీ కేటీఎం బైకు ఇంజను. అన్నట్టు, మన బైకులకు వేసే రోలాన్ చైన్లు చేసే ఎల్‌జీబీ కూడా కోయంబత్తూరుదే, 1937 నాటిది.

హైదరాబాదులో జూపార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది. బడి వయసులోనే తుక్కు సామానుతో బండ్లు చేయడం మొదలుపెట్టిన సుధాకర్ యాదవ్ 2010లో తెరిచారు. క్రికెట్ బ్యాటు, బూటు, బర్గరు, వంకాయ, కమోడు, అన్నీ చక్రాల మీద ఉన్నాయి, అన్నీ నడుస్తాయి. 2005లో ఆయన చేసిన 41 అడుగుల ఎత్తు దాటిన ట్రైసైకిలుకు గిన్నిస్ గుర్తింపు వచ్చింది. కూపర్లను చూసి నవ్వినట్టే వీటినీ చూసి నవ్వుతాం. ఇంజను ఎక్కడ పెట్టారో వంగి చూసేవాళ్లు తక్కువ.

నాకు బాధ ఒకటే. కూపర్ల గ్యారేజీ మన దగ్గర ఉంటే ఆ కారు రోడ్డెక్కేది కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. ప్రాణభద్రతకు ఆ నియమం అవసరమే, కాదనను. కానీ ఇంగ్లండులో ఇంట్లో చేసిన ఒక్క కారునైనా బ్రేకులు, లైట్లు, స్టీరింగు పరీక్షించి నంబరు ఇచ్చే పద్ధతి ఉంది. ఇక్కడ మామూలు మనిషికి అందే అలాంటి దారి లేదు. 1959 నుంచి వనపర్తిలో పాలిటెక్నిక్ నడుస్తోంది, కల్వకుర్తి రోడ్ల పక్కన ఏ బోల్టు ఎంత బిగించాలో చేతి లెక్కతో చెప్పే మెకానిక్కులున్నారు. ఒక్కో బండిని విడిగా పరీక్షించి అనుమతిచ్చే పద్ధతిని రవాణా శాఖ మన దగ్గరా తేవాలి. మొదటి పరీక్షా కేంద్రం పాలమూరు వైపు పెడితే మరీ మంచిది.