చెరువు నేర్పిన లెక్క

సాగరు నీటిమట్టమును గూర్చిన వార్త వినగానే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతు మనస్సులో ఒక చిత్రము మెదలుతుంది. నారు పోయవలెనా, ఆగవలెనా అన్నది అతడు ఆ చిత్రమును బట్టియే నిర్ణయించుకొంటాడు. మానవుడు తన బుద్ధిలో లోకమునకొక చిన్న నమూనాను కట్టుకొని, దానితో రాబోవు దానిని ఊహించునని మనస్తత్త్వవేత్త కెన్నెత్ క్రెయిక్ 1943లో ప్రతిపాదించినాడు. నీటిని గూర్చి మన ప్రాంతమువారు కట్టుకొన్న నమూనాల చరిత్రను కొంచెము పరిశీలింతము.

మొదటిది చెరువు. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువులు ఆలయములు కట్టించినారు. ఆ యుగమున ఆలయ నిర్మాణమువలెనే తటాక నిర్మాణమును పుణ్యకార్యమే. చెరువు క్రింది రైతుకు నీటి రాక, పోక, నిలువ మూడును కంటికి కనిపించేవి. వాగు వచ్చి చేరేది. తూము పొలమునకు విడిచేది. అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువునకు పోయేది. ఎండిన చెరువులో పూడిక సైతము కనిపించేది. వేసవిలో ఆ మట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనేవారు.

రెండవది కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచినారు. లాల్ బహదూర్ కాలువ అని పేరొందిన ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ సీమలను వరిపొలములుగా మార్చినది. కాని చెరువుకట్టపై నిలిచి చూచిన చూపు ఇచ్చట చాలదు. వాన కురియునది ఎక్కడో పడమటి కనుమలలో. ఎగువ రైతు నిండుగా పారు కాలువను చూచి కొరత లేదనుకొని మరికొంత నీరు మళ్లించుకొంటాడు. దాని ఫలితము అతని పొలములో కనిపించదు. దినములు గడచిన పిదప, కోసుల దూరమున, చివరి భూముల రైతు మడిలో కనిపిస్తుంది. అతడు దురాశాపరుడు కాడు. అతని నమూనాలో ఆలస్యమునకు, దూరమునకు చోటు లేదు, అంతే. నిలువలు, ప్రవాహములు, ఆలస్యములు కలిసి పనిచేయు విధమును లెక్కగట్టు శాస్త్రమునకు అమెరికాలో జే ఫారెస్టర్ పునాది వేసినది కూడ 1956 తరువాతి సంవత్సరములలోనే.

ఇంకొక చిక్కు కలదు. సాగరు పూర్తి మట్టము నాడును 590 అడుగులే, నేడును 590 అడుగులే. కాని ఆ మట్టమున తొలుత సుమారు 408 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. పూడిక చేరుటచే నేడు పట్టునది సుమారు 312 మాత్రమే. అంకె మారలేదు, నీరు తగ్గినది. ఎండిన చెరువులో పూడికను కంటితో చూచిన మన తాతలు ఈ విషయమున మోసపోయి ఉండెడివారు కారు.

కావున ఇకమీదట మట్టము వార్త చెవినిబడినపుడు మనము మూడు ప్రశ్నలు వేసుకొందము: రాక ఎంత? పోక ఎంత? నిజముగా నిలువ ఎంత? నారు పోయుట ఆ తరువాతి మాట.